నాన్నగారి జిప్సీ, చాచా చెప్పిన కార్బురేటర్

సైనిక్‌పురి వైపు ఉంటున్న ఒక పాఠకుడు, పేరు వేయవద్దని కోరుతూ, వివరమైన ఉత్తరంతో పాటు కొన్ని ఫొటోలు కూడా పంపారు. వారి తండ్రిగారు 1999లో కొత్తగా కొన్న మారుతి జిప్సీ వారింట్లో ఉంది. 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను, కార్బురేటర్ రకం, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పాతకాలపు పరికరం ఉన్నది. తండ్రిగారు చనిపోయి పద్నాలుగు నెలలయింది. ఆయన మంచాన ఉన్నంత కాలం బండి కదలలేదు. ఆ తరువాత ఈయన దాన్ని బయటికి తీసి, వీలైన ఆదివారాల్లో తల్లిగారిని భువనగిరి దగ్గరి సొంత ఊరికి తీసుకువెళ్తున్నారు. ఉదయం స్టార్ట్ చేయగానే నల్లటి పొగ వస్తోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతోంది, లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చిన బండి ఏడుకు దిగింది, అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పెట్రోలు వాసన నిలిచిపోతోంది. వారి ఫ్లాటు సరిగ్గా ఆ సెల్లార్ పైనే ఉంది. ఎనిమిదేళ్ళ పాపకు ఆయాసం ఉంది. బండి అమ్మేయమని భార్య అంటున్నారు. ఇటీవల పొల్యూషన్ పరీక్షలో బండి ఫెయిలయింది.

తండ్రిగారి కాలం నుంచి ఆ బండి చూస్తున్న మెకానిక్‌ను ఇంటిల్లిపాదీ చాచా అని పిలుస్తారు. పాత కార్బురేటర్ పని అయిపోయిందని, దాని స్థానంలో పెద్ద రెండు గొట్టాల కార్బురేటర్ వేసి, సైలెన్సర్ లైనులో పొగలోని విషాన్ని తగ్గించే కన్వర్టర్ కోసి నేరు పైపు పెట్టి, బానెట్ కింద పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే చార్కోల్ డబ్బా, దాని పైపులు తీసి పారేస్తే బండి కుర్రదవుతుందని ఆయన చెప్పారు. మొత్తం ఖర్చు 22,000 రూపాయలు, అందులో 5,000 అడ్వాన్సుగా ఇచ్చేశారు. పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి బండి తీసుకురాకుండానే తాను చూసుకుంటానని కూడా చాచా అన్నారట. టెక్సస్‌లో ఉన్న బావగారు తన 1985 టొయోటా పికప్‌కు వెబర్ కంపెనీ కార్బురేటర్ వేసి, పొల్యూషన్ సామాను మొత్తం పీకేశానని, ఆలోచించకుండా చేయించమని వీడియోలు పంపుతున్నారు. అక్క మాత్రం ఒకసారి ఫోనులో “నాన్న ఉంచినట్టే ఉంచరా” అన్నారు. “చాచాకు కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. మా నాన్న ఆయన్ని తప్ప ఎవరినీ ఆ బానెట్ ముట్టనిచ్చేవారు కాదు. నేను ఏం చేయాలి?” అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరంలో మీరు అన్నిటికంటే తక్కువగా రాసిన విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ వారం ఆగగలవు, అది ఆగదు. సెల్లార్‌లో పెట్రోలు వాసన నిలుస్తోందంటే ద్రవంగానో ఆవిరిగానో పెట్రోలు బయటికి వస్తోంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి నేల మట్టంలోనే పేరుకుంటుంది, సెల్లార్‌లో దానికి బయటికి దారి ఉండదు, అక్కడే లిఫ్టు మోటారు, కరెంటు మీటర్లు, ఎవరిదో సిగరెట్టు ఉంటాయి. అందువల్ల కారణం తేలేదాకా బండిని సెల్లార్‌లో స్టార్ట్ చేయవద్దు, వీలైతే తోయించి ఆరుబయట పెట్టించండి. ట్యాంకు నుంచి పెట్రోలు పంపు దాకా, పంపు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు పైపులను చేత్తో వంచి చూడమనండి. మెత్తబడినవి, పగుళ్ళు వచ్చినవి, తడిగా ఉన్నవి అన్నీ మార్పించండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1999లో తయారైన రబ్బరును ఆ ఇంధనం కోసం తయారు చేయలేదు. నెలల తరబడి నిలిచిన బండిలో ఇథనాల్ తేమను పీల్చుకుని రబ్బరును, కార్బురేటర్ లోపలి లోహాన్ని కూడా పాడుచేస్తుంది. కొత్త పైపులు కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునేవే ఇమ్మని అడగండి, ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. ఈ ఒక్క పని విషయంలో మాత్రం మీకు ప్రత్యామ్నాయాలు చెప్పడం లేదు.

ఇక మీరు పంపిన పొల్యూషన్ చీటీ. దాన్ని మీరు ఫెయిల్ అన్న ఒక్క మాట కోసమే చూశారు, కానీ మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. కార్బన్ మోనాక్సైడ్ 4.6 శాతం, హైడ్రోకార్బన్లు, అంటే కాలని పెట్రోలు, 1,150 పీపీఎం (పది లక్షల పాళ్ళలో అన్ని పాళ్ళు) అని ఉంది. భారత్ స్టేజ్ 2 ప్రమాణాలకు ముందు తయారైన నాలుగు చక్రాల పెట్రోలు వాహనాలకు అనుమతించే హద్దులు కార్బన్ మోనాక్సైడ్‌కు 3 శాతం, హైడ్రోకార్బన్లకు 1,500 పీపీఎం. అంటే మీ బండి రెండో దానిలో పాసయింది, మొదటి దానిలోనే ఫెయిలయింది. ఏదైనా సిలిండరు సరిగా మండకుండా వదిలేస్తుంటే కాలని పెట్రోలు బయటికి వచ్చి హైడ్రోకార్బన్ల అంకె పైకి ఎగబాకేది. అది జరగలేదు. కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే పెరిగిందంటే, ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజను ఊరికే తిరిగేటప్పుడు, ఇంజనుకు గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ అందుతోందని అర్థం. మీరు పంపిన స్పార్క్ ప్లగ్గు ఫొటో కూడా అదే చెబుతోంది. కొస మీద పొడి మసి వేలితో తుడిస్తే పోయేలా ఉంది, నూనె జిడ్డు కనబడడం లేదు. పిస్టను రింగులు అరిగి ఇంజను ఆయిలు మండుతుంటే ప్లగ్గు జిడ్డుగా తడిగా ఉండేది, పొగ నీలంగా వచ్చేది. కాబట్టి మీ నాన్నగారి ఇంజను లోపల ఆరోగ్యంగా ఉండే అవకాశమే ఎక్కువ. మీకు ఈ ఉత్తరంలో చెప్పగలిగిన మంచి వార్త ఇది.

పెట్రోలు ఎందుకు ఎక్కువ అందుతోంది? గాలి ఫిల్టరు మట్టితో మూసుకుపోయి ఉండవచ్చు. చల్లటి ఇంజను స్టార్ట్ కావడానికి గాలిని తగ్గించే చోక్ పూర్తిగా తెరుచుకోకుండా సగంలో ఇరుక్కుని ఉండవచ్చు. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోట్ సూది అరిగి, మట్టం ఉండవలసిన దానికంటే పైకి పోతూ ఉండవచ్చు. అదే అయితే ఆ పొంగిన పెట్రోలే మీ సెల్లార్ వాసనకూ కారణం కావచ్చు. ఐడిల్ మిక్చర్ స్క్రూను ఎవరో ఎప్పుడో బండి ఆగిపోకుండా ఉండాలని ఎక్కువ విప్పి వదిలేసి ఉండవచ్చు. ఇంకొకటి మన షెడ్లలో చాలా మామూలు. జెట్ అంటే ముక్కుపుడక రంధ్రమంత కూడా ఉండని తూటు ఉన్న ఇత్తడి ముక్క. అది మూసుకుపోతే ఇనుప తీగ పెట్టి పొడుస్తారు. ఇత్తడి మెత్తనిది, ఇనుము గట్టిది, రెండు మూడు సార్లు పొడిచేసరికి తూటు పెద్దదవుతుంది, ఆ తరువాత ఎంత ట్యూనింగ్ చేసినా పెట్రోలు ఎక్కువే పోతుంది. ఇక ఫ్లైఓవర్ మీద తొక్కగానే బండి ఎత్తుకోక తడబడడానికి, తొక్కినప్పుడు అదనపు పెట్రోలు చిమ్మే యాక్సిలరేటర్ పంపులోని రబ్బరు పొర, అంటే డయాఫ్రం, ఎండి పగిలిపోవడం ఒక సాధారణ కారణం. ఇవన్నీ కార్బురేటర్‌లో మార్చవలసిన చిన్న భాగాలుండే ఒక కిట్టుతో, ఓపికతో, ఒక రోజు పనితో సరిచేయగలిగినవి. వీటిలో ఏ ఒక్కటీ కన్వర్టర్ వల్ల పుట్టినది కాదు.

చార్కోల్ డబ్బా సంగతి వేరు, దాన్ని కొంచెం అనుమానించవచ్చు. ట్యాంకులోను కార్బురేటర్‌లోను పుట్టే పెట్రోలు ఆవిరిని ఆ నల్లటి డబ్బాలోని బొగ్గు పట్టి ఉంచుతుంది, ఇంజను నడుస్తున్నప్పుడు ఒక సన్నని పైపు ద్వారా ఆ ఆవిరిని ఇంజనే పీల్చి మండించేస్తుంది. ట్యాంకు నోటిదాకా నింపే అలవాటున్న బండ్లలో ద్రవ పెట్రోలే ఆ డబ్బాలోకి వెళ్ళి బొగ్గు నానిపోతుంది. అప్పుడు డబ్బా వాసన కొడుతుంది, ఇంజనుకు అదనపు పెట్రోలు కూడా చేరుతుంది. ఊరి ప్రయాణానికి ముందు ఫుల్ ట్యాంకు కొట్టించి, బంకు కుర్రాడితో ఇంకాస్త పోయించుకుంటానని మీరే రాశారు. కాబట్టి డబ్బాను విప్పి తూచినట్టు చేతిలో పట్టుకుని, ఊపి చూడమనండి. బరువుగా, లోపల పెట్రోలు కదులుతున్నట్టు ఉంటే దాన్ని మార్చాలి. తీసి పారేసి ఊరుకుంటే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. ట్యాంకు ఆవిరి పైపును తెరిచి వదిలితే ఇప్పుడు మీరు ఫిర్యాదు చేస్తున్న వాసన పగలూ రాత్రీ శాశ్వతమవుతుంది. మూసేస్తే ట్యాంకులో గాలి ఆడక, ఎండలో ఒత్తిడి పెరిగి, నడుస్తున్నప్పుడు పెట్రోలు అందక బండి దారిలో ఆగుతుంది. ఇంజను వైపు పైపును సరిగా మూయకపోతే అక్కడినుంచి దొంగగాలి లాగి ఐడిల్ నిలవదు. మీ పాపకు ఆయాసం, మీ ఫ్లాటు సెల్లార్ మీదనే. ఆ ఇంట్లో ఆవిరిని పట్టి ఉంచే డబ్బాను తీసేయించుకోవడం సబబుగా నాకు తోచడం లేదు.

కన్వర్టర్ విషయంలో చాచా మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. దాని లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లాడియం వంటి ఖరీదైన లోహాల పూత ఉంటాయి. అది 300 డిగ్రీల దరిదాపుకు వేడెక్కాక పనిచేయడం మొదలుపెట్టి, విషవాయువులను చాలావరకు మార్చేస్తుంది. కానీ కార్బురేటర్ ఎక్కువ పెట్రోలు పోస్తూ ఉంటే ఆ కాలని భాగం కన్వర్టర్ లోపల మండి, దిమ్మ కరిగి మూసుకుపోతుంది. అప్పుడు పొగకు దారి లేక ఇంజను శక్తి తగ్గుతుంది. మీ బండికి అదీ జరిగి ఉండవచ్చు. దాన్ని తేల్చడం కష్టం కాదు. వాక్యూమ్ గేజి పెట్టి ఇంజనును 2,500 చుట్ల దగ్గర కాసేపు నిలిపి ఉంచితే, దారి మూసుకుపోయిన బండిలో ముల్లు మెల్లగా కిందికి జారుతూ పోతుంది. గేజి లేకపోతే కన్వర్టర్‌కు ముందున్న జాయింటును వదులు చేసి కొద్ది దూరం నడిపి చూసినా తేడా తెలుస్తుంది. మూసుకుపోయిందని తేలితే దాని బదులు ఇంకో కన్వర్టర్ వేయించాలి. అయితే ముందు కార్బురేటర్ బాగుపడాలి, లేదంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది. ఒక మాట గుర్తు పెట్టుకోండి. తీసిన కన్వర్టర్‌కు ఆ లోహాల వల్ల పాత సామాను బజారులో విలువ ఉంటుంది. ఏ షెడ్డులో తీయించినా పాత ముక్క మీ చేతికి ఇమ్మని అడగండి.

మీ బావగారి సలహా ప్రేమతో ఇచ్చిందే, కానీ ఆ బండి వేరు, ఆ నేల వేరు. 1985 టొయోటా పికప్‌లో ఉన్నది దాదాపు 2.4 లీటర్ల ఇంజను. ఆ కాలపు అమెరికా ప్రమాణాల కోసం దానికి పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు, బానెట్ నిండా వాక్యూమ్ పైపుల అల్లిక తగిలించారు. ముప్పై నలభై ఏళ్ళకు ఆ పైపులు ఎండి విరిగి, ఏది ఎక్కడికి పోతుందో తెలియని స్థితిలో యజమానులు విసిగిపోయి వెబర్ 32/36 వేసుకుంటారు. అందులో మొదటి గొట్టం 32 మిల్లీమీటర్లు, రెండోది 36, మామూలు నడకకు మొదటిదే పనిచేసి, గట్టిగా తొక్కినప్పుడు రెండోది తెరుచుకుంటుంది. ఆ ఇంజనుకు అది బాగా కుదిరిన కార్బురేటరే. మీది అందులో సగానికి కాస్త ఎక్కువ, 1,298 సీసీ. గొట్టం పెద్దదైతే తక్కువ వేగంలో గాలి వడి తగ్గి పెట్రోలు సరిగా చీలదు, సికింద్రాబాదు ట్రాఫిక్‌లో ఫస్టు, సెకండు గేర్లలో నడిచే బండికి అదే ముఖ్యం. పైగా దాన్ని మీ ఇంజను మీద కూర్చోబెట్టడానికి మధ్యలో ఒక అడాప్టరు ప్లేటు కావాలి, దాని గ్యాస్కెట్ల దగ్గర దొంగగాలి ఒక కొత్త బాధ. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళే వాక్యూమ్ పైపుకు సరైన చోటు దొరకకపోతే టైమింగ్ దెబ్బతింటుంది. ఇక అమెరికాలో కూడా వాహనానికి కంపెనీ అమర్చిన కాలుష్య నియంత్రణ పరికరాలను తీసేయడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. కాలిఫోర్నియాలోనైతే మార్చి వేసే కార్బురేటర్‌కు కూడా ప్రభుత్వ మినహాయింపు నంబరు ఉండాలి. వీడియోలలో ఆ భాగం కనబడదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, ఉన్న కార్బురేటర్‌నే విప్పి, కడిగి, కిట్టు వేసి, పొగలోని వాయువులను కొలిచే గ్యాస్ అనలైజర్ ముందు సెట్ చేయించడం. నా మొగ్గు దీనివైపే. జెట్లు, సూది, డయాఫ్రం, గ్యాస్కెట్లు పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో వెతికితే దొరికే సరుకే, అయితే పాత ముక్కను చేతిలో పట్టుకుని వెళ్ళి, కొలత కలిపి చూసుకుని కొనాలి. తక్కువ ఖర్చుతో పోయేది ఇదే. దీనిలో నష్టం ఏమిటంటే, యాక్సిలరేటర్ తొక్కితే గాలి దారిని తెరిచే థ్రాటిల్ షాఫ్టు అరిగి పక్కకు ఊగుతూ ఉంటే కిట్టు వేసినా ఫలితం నిలవదు. విప్పినప్పుడే ఆ షాఫ్టును వేళ్ళతో కదిపి చూడాలి. ఊగితే రెండో దారికి వెళ్ళండి. అంటే అదే రకం కార్బురేటర్ కొత్తదో, మంచి స్థితిలో ఉన్న పాతదో వేసి, కన్వర్టర్, డబ్బా, క్రాంక్‌కేస్ ఆవిరిని తిరిగి ఇంజనుకు పంపే పీసీవీ వాల్వు అన్నీ యథాతథంగా ఉంచడం. ఇది చట్టం దృష్టిలో మార్పు కాదు, మరమ్మతు. వెతుకులాటకు సమయం పడుతుంది, అంతే.

మూడోది చాచా చెప్పినది. నిజాయితీగా చెప్పాలంటే, అది చేయించినా బండి నడుస్తుంది, బహుశా ఇప్పటికంటే హుషారుగానే నడుస్తుంది. మీ బండికి ఉన్న 3 శాతం హద్దు అంత కఠినమైనది కాదు కాబట్టి, బాగా ట్యూన్ చేస్తే కన్వర్టర్ లేకుండా కూడా పరీక్షలో నెగ్గవచ్చు. కానీ పరీక్షలో నెగ్గడం వేరు, మీ పాప పీల్చే గాలి వేరు. అదే ట్యూనింగ్‌తో కన్వర్టర్ కూడా ఉంటే వెలువడే విషం ఇంకా తగ్గుతుంది. చట్టం వైపు చూస్తే, మోటారు వాహనాల చట్టంలో 2019లో సవరించిన 182ఎ సెక్షను, అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చని చెబుతుంది. కాలుష్య ప్రమాణాలు మీరి నడిపితే 190వ సెక్షను కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద వేటు ఉన్నాయి. ఇవి రోజూ ప్రతివారి మీదా పడుతున్నాయని నేను భయపెట్టను. ప్రమాదం జరిగినప్పుడు, ఫిట్‌నెస్ తనిఖీలో ఇన్‌స్పెక్టరు కింద వంగి చూసినప్పుడు ఇవి ముందుకు వస్తాయి. ఆ జరిమానా యజమానిదే, షెడ్డుది కాదు. తీసేసిన సామాను మళ్ళీ కావాలంటే, జిప్సీ తయారీ ఆగిపోయి ఏళ్ళయింది, దొరకడం కష్టం.

బండి చూపించకుండా తెచ్చే సర్టిఫికెట్ మాత్రం దారే కాదు. ఆ సర్టిఫికెట్ మీ నంబరు మీద ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతుంది, అబద్ధం మీ పేరున నిలుస్తుంది. పైగా మీ బండికి అది ఆరు నెలలకోసారి కావాలి, ప్రతిసారీ అదే అబద్ధం ఆడాలి.

ఇంకా దూరం ఆలోచిస్తే, 2000 తరువాత వచ్చిన జిప్సీల ఎంపీఎఫ్‌ఐ ఇంజను, అంటే కార్బురేటర్ బదులు కంప్యూటరు కొలిచి పెట్రోలు చిమ్మే ఇంజను, తెచ్చి వేసుకునేవారు ఉన్నారు. పొగ బాగా తగ్గుతుంది, కానీ ఇంజను నంబరు మారుతుంది కాబట్టి ఆర్‌టీఏ అనుమతి ముందుగా తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించాలి, కంప్యూటరు, వైరింగు, ట్యాంకులో పంపు అన్నీ మారాలి. ఆదివారాలు నడిపే బండికి అది ఎక్కువ ఖర్చు. ఆమోదం ఉన్న సీఎన్‌జీ కిట్టు కూడా ఆర్‌సీలో రాయించుకుంటే చట్టబద్ధమే, అయితే వెనుక సీటు స్థలం పోతుంది. అమ్మడం చివరి దారి. మీ భార్య పదిహేనేళ్ళు దాటిన బండి ఎలాగూ తుక్కే అన్నారని రాశారు. ఆ నిబంధన ఢిల్లీ ప్రాంతంలోని పెట్రోలు బండ్లకు వచ్చినది. తెలంగాణలో సొంత వాహనాన్ని పదిహేనేళ్ళ తరువాత తనిఖీ చేయించి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు, మీ నాన్నగారు 2024లో చేసింది అదే. అమ్మదలిస్తే, కంపెనీ సామాను చెక్కుచెదరకుండా ఉన్న జిప్సీనే ఇష్టపడి కొనేవారు అడుగుతారు. ఆ దారిలోనూ ఇప్పుడు ఏదీ కోయించకపోవడమే మీకు లాభం.

ఇంతవరకు యంత్రం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది, మీరు మాటవరుసకు రాసిన ఒక వాక్యం. “ఆర్‌సీ ఇంకా నాన్న పేరునే ఉంది, మార్చబుద్ధి కాలేదు” అన్నారు. ఆ మనసు నాకు అర్థమవుతుంది. కానీ యజమాని చనిపోతే, వారసులు ముప్పై రోజుల్లో ఆర్‌టీఏకు తెలియజేస్తే మూడు నెలల పాటు బండి వాడుకోవచ్చు, ఆ లోపల ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్సు పాలసీ కూడా మరణించిన రోజు నుంచి మూడు నెలలదాకానో, గడువు ముగిసేదాకానో, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. పద్నాలుగు నెలలు గడిచాయి. భువనగిరి దారిలో ఏదైనా జరిగితే, అమ్మగారు పక్కన కూర్చుని ఉండగా, మీ చేతిలో చెల్లే కాగితం ఒక్కటీ ఉండదు. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రాలు పెట్టుకుని, ఆలస్య రుసుము కట్టి, కార్బురేటర్ కంటే ముందు ఈ పని పూర్తి చేయండి. అది అయ్యేదాకా బండిని షెడ్డుకు కూడా తోలుకుని వెళ్ళవద్దు, లాగించుకుని వెళ్ళండి.

మిగతా వారసులు అన్నాను కదా, అక్కడే మీ చిక్కు కొంత విడిపోతుంది. వీలునామా లేకపోతే ఆ బండి మీ ఒక్కరిది కాదు. అమ్మగారికి, అక్కకు, మీకు సమానంగా చెందుతుంది. బావగారి వీడియోల గురించి మీరు ఒక పేజీ రాశారు, అక్క మాట ఒక్క వరుసలో ముగించారు. హక్కు ఉన్నది ఆమెకు, బావగారికి కాదు. ఆమె ఆ మాట ఎందుకు అన్నారో ఒకసారి విడిగా ఫోను చేసి అడగండి. పేరు మార్పుకు ఆమె సంతకం ఎలాగూ కావాలి, ఆ మాటలోనే ఈ మాట కూడా వస్తుంది. అక్క ఉంచమన్నారు కదా అని మీ భార్య భయాన్ని పక్కన పెట్టకండి. ఆమె బండిని ద్వేషించడం లేదు, వాసన గురించి, పాప గురించి మాట్లాడుతున్నారు. పైపులు మార్చి, కార్బురేటర్ సరిచేసి, బండిని ఆరుబయట పెట్టాక వాసన పోతే ఆ గొడవ చాలావరకు పోతుంది. పోకపోతే, అమ్మడం గురించి ఆమె మాటే సరైనదని ఒప్పుకోవడానికి మీరు సిద్ధంగా ఉండాలి. పాప ఆయాసం కంటే జ్ఞాపకం పెద్దది కాదు. ఆ సంగతి ఆమెతో ముందే చెప్పండి, మీ మాట మీద ఆమెకు నమ్మకం కలుగుతుంది.

చాచాకు కాదని చెప్పవలసిన అవసరం నాకు కనబడడం లేదు. ఆయన చేతికి వేరే పని ఇస్తే చాలు. “చాచా, నాన్న ఉన్నప్పటి కార్బురేటర్ మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ముందు దాన్నే విప్పి చూద్దాం, కిట్టు నేను తెస్తాను, మీరు చేయండి. ఇచ్చిన 5,000 మీ మజూరీలో జమ వేసుకోండి” అనండి. కొత్త కార్బురేటర్ ఇప్పటికే కొనేసి ఉంటే, దుకాణం వాడు వాపసు తీసుకోకపోతే ఆ నష్టంలో కొంత మీరు భరించండి. ఆయనతో మీ ఇంటి సంబంధం దానికంటే విలువైనది. జెట్లను తీగతో పొడవవద్దని చెప్పడం ఇబ్బందిగా ఉంటే, కిట్టుతో పాటు ఒక కార్బురేటర్ క్లీనర్ స్ప్రే డబ్బా కొని ఆయన చేతిలో పెట్టి, గాలి కొట్టి శుభ్రం చేద్దామని మీరే పక్కన నిలబడండి. కన్వర్టర్, డబ్బా ఉంచాలని ఇంట్లో అందరం అనుకున్నాం అని చెప్పండి, అది నిజం కూడా అవుతుంది. ఆయన నొచ్చుకున్నా, నాలుగు రోజుల్లో సర్దుకుంటారని నా నమ్మకం. ఒకవేళ విప్పకుండానే అది పనికిరాదని పట్టుబడితే మాత్రం, పని అనలైజర్ ఉన్న మరో చోట చేయించి, ఆయిలు మార్పు, బ్రేకులు వంటివి ఆయన దగ్గరే కొనసాగించండి.

కిట్టు వేశాక ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాతనే పరీక్ష చేయించండి, చల్లటి ఇంజనుతో తీసిన అంకెలకు అర్థం లేదు. కార్బన్ మోనాక్సైడ్ 3 లోపలికి వచ్చి హైడ్రోకార్బన్లు కూడా తగ్గితే ఐడిల్ స్క్రూను ఇక ఎవరినీ ముట్టనివ్వకండి. కార్బన్ మోనాక్సైడ్ బాగా పడిపోయి హైడ్రోకార్బన్లు మాత్రం పెరిగితే, మిశ్రమం మరీ పలచబడి మిస్సింగ్ కొడుతోందని అర్థం. అప్పుడు స్క్రూను కొద్దిగా విప్పించి, ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు చూపించండి. రెండూ ఎక్కువగానే ఉంటే ఫ్లోట్ మట్టం మళ్ళీ చూడాలి, చార్కోల్ డబ్బా పైపును కాసేపు విడదీసి మూసి అంకెలు మారుతున్నాయేమో గమనించాలి. అప్పటికీ తేలకపోతే అదే రకం కార్బురేటర్ కోసం వెతకడం మొదలుపెట్టండి.